వంకాయపువ్వు రంగు

దాని అసలు పేరు ఎవరికీ తెలీదు.
లాకు సూపర్నెంటు బంగళా పడగొట్టిన రోజు
పెంకుల గుట్ట కింద దొరికిన ముళ్లకొమ్మని
అరటిపట్టలో చుట్టి
సైకిలు హ్యాండిలుకి కట్టి తెచ్చాడు మా అబ్బులు మావయ్య.
గట్టుకి అవతల లంకమడిలో పాతితే
మూడేళ్లకి పూసింది.
ఎర్రగా విచ్చి, మధ్యాన్నానికి నేరేడై,
మర్నాడు బూడిద రాసిన ఊదా అయి
రాలేముందు
వంకాయపువ్వు.
కడియపులంకలో రంగుకి పేరు పెట్టాలంటే
కూరగాయలే దిక్కు.

నేను కన్నంటు కట్టేవాణ్ని.
రోజుకి ఆరువందల కళ్లు.
నాటుకాడ బెరడు మీద బ్లేడుతో ఓ గీత, అడ్డంగా ఇంకోటి,
చొక్కా జేబులా తెరిచి
పరాయి కన్నుని లోపల పెట్టి
రిబ్బను బిగిస్తాను.
పట్టిందా లేదా అన్నది ఇరవై రోజుల మాట.
ఇది మాత్రం
పదిలో మూడు పడితే గొప్ప.

కొన్నవాళ్లు ఊరుకుంటారా.
ముమ్మిడివరం మాస్టారు: ఉత్త ఎరుపేనయ్యా, మోసం.
ఆకివీడులో చేపలచెరువు గట్టు మీద నాటినాయన
మొగ్గ మొగ్గగానే మాడిపోయిందని.
రాజోలు కాసులమ్మగారు,
వానకి నల్లమచ్చలొచ్చి ఆకంతా రాలిందిరా,
బోడికొమ్మకి నీళ్లు పోస్తుంటే
పాలవాడు కూడా నవ్వుతున్నాడు అని.
ఒకాయనకి వాసన లేదు.
అదే వారం ఇంకొకావిడకి
వాసనకి నిద్రపట్టట్లేదు.

ఏం చెప్పను.
పుష్యమాసంలో, కాలవ మీద మంచు లేవకముందు చూడాలండీ.
లారీ హారన్లు మొదలయ్యేసరికి మారిపోతుంది.
ఫోటో తీస్తే ఎర్రగానే పడుతుంది.
ఫోనుకి ఆ రంగు రాదు.

అందరికన్నా ఎక్కువ తిట్టింది మండపేట నూకరత్నం.
జాకెట్లు కుడుతుంది.
ఓ ఆదివారం తెల్లారకుండా బస్సు దిగి
పధ్నాలుగు దారపు రీళ్లు బల్ల మీద పరిచింది.
నీ పువ్వు ఏ రీలో చూపించు, డబ్బులడగను.
తల్లిచెట్టు దగ్గరికి తీసుకెళ్లాను.
రేకు పక్కన రీలు, రీలు పక్కన రేకు.
పొద్దున ఒకటి ఒప్పుకుంది,
టీ తాగొచ్చేసరికి అది కాదంది.
చివరికి అన్నీ సంచిలో వేసుకుని
"ఇది దారం కాదులే" అని
ఇంకో మొక్క కొనుక్కుపోయింది.

ఆ శ్రావణంలో గోదారి గట్టు అంచుదాకా వచ్చింది.
కుండీలు లారీలకెక్కించాం.
నేలలో ఉన్నది నేలలోనే.
తొమ్మిదిరోజుల ఎర్రనీరు తీశాక
మోకాలెత్తు ఒండ్రులోంచి తల్లిచెట్టుని తవ్వి
బెరడు గోటితో గీకాను.
పచ్చ లేదు.

తిట్టినవాళ్లందరికీ వరసగా ఫోను చేశాను.
మాస్టారిది ఎండిపోయింది.
ఆకివీడాయన పీకేశాడు.
కాసులమ్మగారి ఫోను ఎవరో ఎత్తి, లేరండీ అన్నారు.
ఇంట్లో లేరా, అసలే లేరా,
అడగలేకపోయాను.
నూకరత్నం మిషను తొక్కుతూనే మాట్లాడింది.
"రంగులడబ్బాలో ఉంది. రెండూ బతికున్నాయి.
అయినా ఒప్పుకోను, అది ఎరుపే."

మర్నాడు కండక్టరు చేతికిచ్చి పంపింది,
తడిపిన జాకెట్టు ముక్కలో ఏడు పుల్లలు,
పైన ఊదాదారం మూడు చుట్లు.
ముప్పైరెండు కళ్లు దొరికాయి.
ఆ రోజు ఇంకేమీ కట్టలేదు.
చెయ్యి వణుకుతుందని టీ కూడా తాగలేదు.

రిబ్బన్లు విప్పితే
తొమ్మిది పచ్చగా ఉన్నాయి.
దారం పారెయ్య బుద్ధి కాలేదు,
మొదటి కుండీ అంచుకి చుట్టాను.
ఎండకి వెలుస్తోంది,
వారానికో రంగు.
మొన్న ఓనరు వంగి చూసి
"ఇదేరా, అచ్చం ఇదే" అన్నాడు.

ఏ పూటదండీ, అన్నాను.